సుద్దగీత

డోరీన్ హాల్పిన్ వాగు వైపు వేలు చూపించింది.
"అక్కడ. వంటింటి కిటికీలోంచి బాతులు కనపడాలి."
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన చెయ్యి అది.
మలుపు ఎక్కడుందో చెబితే వాదించేవాళ్లుండరు.

నేనూ వాదించలేదు.
మేకులకు థర్మామీటర్లు కట్టి
వాగు ఒడ్డు నుంచి గట్టు దాకా ఏడు చోట్ల పాతాను.
బ్రెయిడ్‌వుడ్‌లో జూలై. గుడారంలో మూడు రాత్రులు.
గ్లౌజులు వేసుకుంటే పెన్సిల్ దొరకదు,
తీస్తే వేళ్లు దొరకవు.

తెల్లారి చూస్తే
చలి కూడా నీళ్లలాగే పల్లం వెతుక్కుంది.
వాగు దగ్గర మైనస్ ఏడు,
పాత కంచె దగ్గర మైనస్ మూడు.
ఇంకాస్త పైన, కంగారూలు పడుకుని లేచిన చోట
గడ్డి నలిగి ఉంది, మంచు లేదు.
అవి నాకన్నా ముందే ప్లాను గీసి
సంతకం పెట్టకుండా వెళ్లాయి.

"ఇక్కడ" అన్నాను.
"బాతులు?"
"నడిచి వెళ్లి చూడాలి."
ఆమె చాలాసేపు నా బూట్ల వంక చూసింది.

మా వైపు ఉత్తరం కుబేరుడిది, దక్షిణం యముడిది.
భూగోళం కింది సగానికి వచ్చాక
సూర్యుణ్ణి తిరగేసి చదువుకోవాల్సొచ్చింది.
ఇక్కడ అతను ఉత్తరం పక్కనుంచే నడుస్తాడు,
జూన్‌లో వంగి, డిసెంబర్‌లో నిటారుగా.
ఆఫీసులో మొదటి ఏడాది నేను గీసిన ఇల్లొకటి
వీధి అందం చూసి దక్షిణానికి నోరు తెరిచింది.
ఆ ఇంట్లోవాళ్లు ఇప్పటికీ
మిట్టమధ్యాహ్నం దీపం వేసుకుని భోంచేస్తారు.
వాళ్ల పేరు చెప్పను.

కాబట్టి మూరన్నర చూరు.
ఎండాకాలం ఎండ బయటే నిలబడి పలకరించి పోవాలి,
చలికాలం ఎండ లోపలికొచ్చి కూర్చోవాలి.
ఉత్తరానికి నాలుగు కిటికీలు, దక్షిణానికి ఒకటే, చేటంత.
పడమటి మంచుకొండల గాలికి వీపు తప్ప చూపించని గోడ,
అక్కడే తవ్విన మట్టి, పొర మీద పొర, దిమ్మిసతో.
మేస్త్రీ టెరెన్స్ చెమట తుడుచుకుని అడిగాడు:
"ఇంత మందమా, కోట కడుతున్నామా?"
"పగలు అప్పు తీసుకుంటుంది. రాత్రి తీరుస్తుంది."
"మా బావకన్నా నయం" అన్నాడు.

ఆఖర్న గాలి పరీక్ష.
తలుపులో ఫ్యాను బిగించి ఇంటి ఊపిరి బయటికి లాగే కుర్రాడు
పొగ గొట్టం తేవడం మరిచాడు.
నా కారులో అగరుబత్తి పెట్టె ఉంది.
డోరీన్ చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి,
దేవుడి గదే లేని ఇంట్లో మూలమూలకీ తిరిగాం,
పొగ ఎక్కడ ఉలిక్కిపడుతుందో చూస్తూ.
పిల్లి కోసం ఆమె పట్టుబట్టి పెట్టించుకున్న బుల్లి తలుపు దగ్గర
పొగ అడ్డంగా విరిగింది.
పిల్లి ఉండాల్సిందే, అంది.
పిల్లి ఉంది. రబ్బరు అంచు వేశాం.

ఏప్రిల్ చివర ఫోను.
ఇల్లు వెచ్చగానే ఉంది, అంది.
అది మెచ్చుకోలు కాదని గొంతే చెప్పింది.
పాత రేకుల ఇంట్లో శీతాకాలానికి ఎనిమిది టన్నుల కట్టెలు.
భర్త పోయాక పదకొండేళ్లు ఆమే కొట్టింది.
"ఐదింటికి మెలకువ వస్తుంది. గొడ్డలి మొద్దులోనే ఉంది.
పొద్దున్నే ఏం చెయ్యాలో నీ డ్రాయింగులో లేదు."

లేదు.
గోడ మందం, గాజు పొరలు, చూరు కొలత
మిల్లీమీటర్లలో రాసిన కాగితం మీద
ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో రాయలేదు.

జూన్ ఇరవై ఒకటిన వెళ్లాను.
ఇటుక నేల నిండా సుద్దగీతలు.
ప్రతి ఆదివారం పన్నెండింటికి
ఎండ ఎందాకా వచ్చిందో గీసి, తేదీ వేసి,
బస్సు లాగ్‌బుక్కులో రాసే అక్షరాలతో.
మే మొదట్లో బల్ల కాలు దగ్గర. మే చివర్లో కుర్చీ దాటి.
ఆ రోజు వెనక మట్టిగోడ పాదం తాకింది.
ఆమె మోకాళ్ల మీద వంగి, సుద్దముక్క ఎత్తి పట్టుకుని,
"ఇంక ముందుకి చోటు లేదు. రేపో?" అంది.
"రేపట్నించి వెనక్కి."
"ఎంత?"
"ఈ వారం కనపడనంత."

సుద్ద గూట్లో పెట్టి కోటు తీసుకుంది.
"అయితే పద, బాతులు చూసొద్దాం."